జపమాల మధ్యలో ఏడ్చిన బిడ్డ



ఆదివారం పూజ ముగిసి గుడి ముంగిట నిలబడినప్పుడు, గృహదర్శనాలకు వెళ్లినప్పుడు, చిన్నపిల్లల తల్లులు తరచుగా ఒక మాట చెబుతుంటారు. "ఫాదర్ గారూ, పెళ్లికి ముందు రోజూ పూజకు వెళ్లేదాన్ని. పాటల బృందంలో పాడేదాన్ని. ఇప్పుడు ఒక్క పరలోక జపమైనా నిదానంగా చెప్పుకోలేకపోతున్నాను. దేవునికి దూరమైపోతున్నానేమో!" మాటలు ఇంటికొక రకంగా ఉండవచ్చు గాని బాధ ఒక్కటే. ఈ మాట చెప్పేటప్పుడు చంకలో ఒక బిడ్డ ఉంటుంది, కొంగు పట్టుకుని మరొకడు లాగుతుంటాడు. అందుచేత మాట సగంలోనే ఆగిపోతుంది. ఆ తల్లి నవ్వేసి వెళ్లిపోతుంది.

మనం కూడా నవ్వి, "పరవాలేదమ్మా, దేవుడు అర్థం చేసుకుంటాడు" అని పంపించివేయవచ్చు. కాని ఆ మాటతో తీరిపోయే ప్రశ్న కాదిది. ఇద్దరో ముగ్గురో బిడ్డలున్న ఇంట్లో పసితనపు సంవత్సరాలు పది, పన్నెండు దాకా సాగుతాయి. మనిషి బలంగా ఉండే వయస్సు అదే. ఆ వయస్సంతా పాలసీసాలు, బడి సంచులు, జ్వరాలు, నిద్రలేని రాత్రుల మధ్య గడిచిపోతే, ఆ కాలం దేవుని లెక్కలోకి వస్తుందా, రాదా? వస్తుందంటే ఏ విధంగా వస్తుంది? రాదంటే, దేవుడే పిలిచి ఇచ్చిన జ్ఞానవివాహం ఒక స్త్రీని దేవునికి దూరం చేసిందని చెప్పవలసి వస్తుంది. అది మన విశ్వాసం ఒప్పుకునే మాట కాదు.

ఒక మామూలు రోజును చూద్దాం. ఇది ఏ ఒక్కరి ఇల్లూ కాదు, మన విచారణలో ఏ ఇల్లయినా కావచ్చు. తెల్లవారుజామున త్రికాల జపం గంట మోగేటప్పటికి ఆ ఇల్లాలు కుళాయి దగ్గర బిందె పట్టుకుని ఉంటుంది. గంట వినబడుతుంది గాని, బిందె నిండేలోగా లోపల చంటిది లేచి ఏడుపు మొదలుపెడుతుంది. కుక్కరు కూతలు వేస్తుంటే నాలుగేళ్లవాడు పక్క తడిపాడని తెలుస్తుంది. పెద్దదానికి ఒక మేజోడు కనబడదు. స్కూలు ఆటో సందు చివర హారను కొడుతుంటే అప్పుడు గుర్తుకొస్తుంది ఆ పిల్లకు, ఈరోజు చార్టు తీసుకురమ్మని టీచరు చెప్పిందని. గుమ్మంలో సిలువ గుర్తు వేసుకున్నారో, ముఖంమీద ఈగను తోలుకున్నారో తెలియని వేగంతో పిల్లలు వెళ్లిపోతారు.

మధ్యాహ్నం చంటిది నిద్రపోగానే, ఈ పది నిమిషాలు బైబిలు చదువుకుందామని తల్లి కూర్చుంటుంది. రెండు వచనాలు దాటేసరికి కునుకు పడుతుంది. సాయంత్రం హోంవర్కు, స్నానాలు, అన్నాలు. ఏడున్నరకు నాయనమ్మ జపమాల మొదలుపెడుతుంది. మొదటి రహస్యంలో పెద్దది చిన్నవాణ్ణి గిల్లుతుంది. రెండో రహస్యంలో చంటిది ఏడుస్తుంది. మూడో రహస్యంలో తండ్రికి ఫోను వస్తుంది, ఆయన బయటకు నడుస్తాడు. నాలుగో రహస్యంలో, ఎంత చెప్పినా కుదురుగా కూర్చోని చిన్నవాడి వీపుమీద తల్లి చెయ్యి పడుతుంది. ఐదో రహస్యానికి చాపమీద ఇద్దరు నిద్రపోయి ఉంటారు, ఒకడు వెక్కుతూ ఉంటాడు. అంట్లు తోమి, తలుపు గడియ వేసి, పదకొండింటికి పడుకుంటూ ఆ తల్లి అనుకుంటుంది, "ఈరోజు కూడా దేవునికి ఏమీ ఇవ్వలేకపోయాను" అని.

ఈ రోజును గురించి మనవాళ్లలో రెండు రకాల తీర్పులు వినబడుతుంటాయి. "ప్రార్థన ముందు, మిగతావన్నీ తరువాత. పిల్ల ఏడిస్తే ఏడవనీ, జపం ఆపకూడదు" అనేది మొదటిది. ఇది భక్తిలాగే కనిపిస్తుంది. "పనే ప్రార్థన. పిల్లల్ని చూసుకుంటే చాలు, వేరే జపతపాలు ఎందుకు?" అనేది రెండోది. ఇది ఉదారంగా కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ రెండూ సగం సగం తీర్పులే. ఒక్కొక్కటి ఎక్కడ సరైనదో, ఎక్కడ తప్పుతుందో విడదీసి చూడాలి.

మొదటి తీర్పును తీసుకుందాం. జపమాల జరుగుతుండగా బిడ్డ ఏడిస్తే, లేచి వెళ్లిన తల్లి దేవుణ్ణి వదిలి వెళ్లినట్లా? 17వ శతాబ్దంలో పునీత విన్సెంట్ డి పాల్ గారు, పునీత లూయీస్ డి మారిలాక్ గారితో కలిసి 1633లో స్థాపించిన ప్రేమ సహోదరీల సభకు ఈ విషయంలో స్పష్టమైన బోధన చేశారు. ధ్యాన సమయంలో ఒక పేద రోగికి మందు ఇవ్వవలసి వస్తే, మనస్సులో కలత లేకుండా ధ్యానం విడిచి వెళ్లమన్నారు. అలా వెళ్లడమంటే దేవుని కోసమే దేవుణ్ణి విడిచి వెళ్లడమని వారి భావం. ఆకలిగొన్న చిన్నవారికి చేసినది తనకే చేసినట్లు అని ప్రభువు చెప్పిన తీర్పుదినపు ఉపమానం (మత్తయి 25) ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. ఆకలికి ఏడ్చే చంటిబిడ్డ కంటే చిన్నవారు మన ఇంట్లో ఎవరున్నారు?

అదే శతాబ్దం ఆరంభంలో పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ గారు సంసారులకోసం ఒక భక్తి గ్రంథం రాశారు. పెళ్లయిన ఒక స్త్రీకి ఆయన రాసిన ఆధ్యాత్మిక సలహాల నుండి అది రూపుదిద్దుకుంది. భక్తి ఒక్కొక్కరి జీవితాంతస్తును బట్టి ఒక్కొక్క తీరుగా ఉండాలని, మేత్రాణులు మఠంలోని ఏకాంతవాసిలాగా జీవించబోతే అది అసందర్భమవుతుందని, సంసారి సన్యాసిని అనుకరిస్తే అదీ అంతేనని ఆయన వాదన. ఎవరి బాధ్యతను చెడగొట్టే భక్తి అయినా నిజమైన భక్తి కాదని ఆయన తేల్చిచెప్పారు.

ఇది ఒకరిద్దరు పునీతుల సొంత అభిప్రాయం మాత్రమే కాదు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2181వ అంశంలో ఆదివార పూజ బాధ్యతను గట్టిగా చెబుతూనే, తగిన కారణం ఉన్నవారికి మినహాయింపు ఉందని చెబుతుంది. ఆ కారణాలకు ఉదాహరణగా అక్కడ వ్యాధిని పేర్కొన్నారు, దాని పక్కనే పసిపిల్లల సంరక్షణను పేర్కొన్నారు. జ్వరంతో మండిపోతున్న బిడ్డ దగ్గర ఆదివారం ఉండిపోయిన తల్లి, మరుసటి వారం తలవంచుకుని గుడికి రానక్కరలేదు. ఆమె ఆజ్ఞను మీరలేదు.

అయితే ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. బెతానియాలో మార్త, మరియల ఇంట జరిగిన సంగతి (లూకా 10:38-42) మీకు తెలిసిందే. పనిలో మునిగిన మార్తను కాక, పాదాల చెంత కూర్చున్న మరియను కదా ప్రభువు మెచ్చుకున్నది! ఈ మాట ఎత్తి చూపి చిన్నపిల్లల తల్లిని నొప్పించినవారు కూడా ఉన్నారు. కాని సువార్తను నిదానంగా చదవండి. వంట చేయడం తప్పని ప్రభువు అనలేదు. ఆమె మనస్సు పలు విషయాలతో కలత చెంది ఉన్నదని మాత్రమే అన్నారు. ఆయన ఆ ఇంట భోజనం చేయడానికే కూర్చున్నారని కూడా మరువకండి. పునీత తోమాసు అక్వినాసు గారు ఈ ఘట్టాన్ని చర్చిస్తూ రెండు మాటలూ చెప్పారు. ధ్యాన జీవితం స్వభావరీత్యా గొప్పది. అయినప్పటికీ ఒకానొక పరిస్థితిలో, ఈ లోకపు అవసరాన్ని బట్టి, కార్య జీవితాన్నే ఎంచుకోవలసి ఉంటుంది. దీనికి అరిస్టాటిల్ మాటను తోడు తెచ్చుకున్నారు. తత్వచింతన ధనార్జన కంటే మేలైనదే, కాని లేమిలో ఉన్నవానికి ధనార్జనే మేలు. మన భాషలో చెప్పాలంటే, ఆకలితో ఏడ్చే బిడ్డకు ముందు పాలు, ఆ తరువాత పాఠం.

కనుక మొదటి తీర్పు నిలబడదు. ఇక రెండో తీర్పు మాటేమిటి? పనే ప్రార్థన అయితే జపమాలను అటకమీద పెట్టేయవచ్చా?

ఇక్కడ కొంచెం తత్వశాస్త్రం అవసరమవుతుంది, విసుగు చెందకండి. మనిషి వల్ల జరిగేవన్నీ మానవ చర్యలు కావని గురువిద్యాలయంలో మొదట నేర్పుతారు. గడ్డం నిమురుకోవడం, నిద్రలో పక్కకు తిరగడం మనిషిలో జరిగేవే గాని, బుద్ధితో ఎరిగి, చిత్తంతో కోరి చేసినవి కావు. ఎరిగి, కోరి, ఒక గమ్యం కోసం చేసినదే నిజమైన మానవ చర్య. దానికి విలువనిచ్చే వాటిలో ఉద్దేశం ముఖ్యమైనది. ఒకే అన్నం ముద్దను బిడ్డ నోట్లో ప్రేమతో పెట్టవచ్చు. "తొందరగా మింగి నన్ను వదిలిపెట్టు" అన్న విసుగుతోనూ పెట్టవచ్చు. నలుగురు చూసి మెచ్చుకోవాలనీ పెట్టవచ్చు. ముద్ద ఒకటే అయినా చర్యలు మూడు. కాబట్టి పని తనంతట తాను ప్రార్థన అయిపోదు. తిరగలి రోజంతా తిరుగుతుంది. అందువల్ల తిరగలికి పుణ్యం రాదు.

"మరి రోజంతా దేవుణ్ణే తలచుకుంటూ అన్నం పెట్టడం ఎవరివల్ల అవుతుంది ఫాదర్?" అని మీరు అడుగుతారు. ఎవరివల్లా కాదు. అక్వినాసు గారు కూడా అది అడగలేదు. ఆయన ఒక బాటసారిని ఉదాహరణగా చూపించారు. దారిన నడిచేవాడు ప్రతి అడుగు దగ్గర చేరవలసిన ఊరిని తలచుకోడు. అయినా బయలుదేరేటప్పుడు చేసుకున్న నిర్ణయపు బలం ప్రతి అడుగులోనూ పనిచేస్తూనే ఉంటుంది. ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లకు కాలినడకన వెళ్లేవారిని చూడండి. దారిలో వాళ్లు మంచినీళ్లకోసం ఆగుతారు, చెప్పుల బొబ్బలు చూసుకుంటారు, ఊరి కబుర్లు చెప్పుకుంటారు. గంటసేపు మరియమాత పేరే ఎత్తకపోవచ్చు. అయినప్పటికీ ఎక్కడికి వెళుతున్నారని అడిగితే తడుముకోకుండా గుణదల అనే చెబుతారు. వేసిన ప్రతి అడుగూ ఆ కొండవైపే పడింది.

తల్లి దినచర్య కూడా అలాంటి నడకే. పొద్దున లేవగానే, కాలు నేలమీద మోపక ముందే, "ప్రభువా, ఈరోజు నేను చేసేవన్నీ, పడేవన్నీ నీకే" అని ఒక్క వాక్యం చెప్పుకుంటే ప్రయాణం మొదలైనట్లే. ఆ తరువాత మేజోడు వెదికినా, పక్కగుడ్డలు ఉతికినా అడుగు అటువైపే పడుతుంది. అయితే బాటసారి అసలు బయలుదేరి ఉండాలి. దారి తప్పానేమోనని అప్పుడప్పుడు తలెత్తి చూసుకోవాలి. పొద్దుటి ఆ సమర్పణ, రాత్రి ఒక నిమిషపు ఆత్మపరిశీలన, ఆదివారపు దివ్యబలిపూజ, అందరూ కలిసి చెప్పుకునే జపం చేసే పని అదే. అవి మానివేస్తే పని ప్రార్థనగా మిగలదు. కొన్నాళ్లకు అది చాకిరీ అవుతుంది, ఆ పైన చిరాకు అవుతుంది. "పనే ప్రార్థన" అనే మాట నిజం కావాలంటే పనికి బయట కొంత ప్రార్థన ఉండి తీరాలి. అది చాలా చిన్నదైనా సరే.

ఇప్పుడు నాలుగో రహస్యంలో వీపుమీద పడిన ఆ దెబ్బ సంగతికి వద్దాం. దానిని తప్పించుకుని వెళితే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. అలసటలో, నిద్రలేమిలో చేయి చేసుకున్న తల్లి పాపం చేసిందా? చర్యకు బాధ్యత, దానిలోని తెలివిడిని, స్వేచ్ఛను బట్టి ఉంటుందని శ్రీసభ నైతిక బోధన. నాలుగు రాత్రులు నిద్రలేని మనిషి స్వేచ్ఛ తగ్గి ఉంటుంది. దేవుడు ఆ లెక్క తప్పక చూస్తాడు. కాని స్వేచ్ఛ తగ్గిందంటే పూర్తిగా పోయిందని కాదు. పైగా పిల్లవాడి వీపుకు దెబ్బే తెలుస్తుంది గాని అమ్మ అలసట తెలియదు. అది జపం చెప్పేటప్పుడు పడిన దెబ్బ అయితే, జపానికీ దెబ్బకీ వాడి మనస్సులో ముడి పడుతుంది. ప్రార్థన అంటే కదలకుండా కూర్చోకపోతే కొట్టే సమయం అని వాడు నేర్చుకుంటాడు. పెద్దయ్యాక గుడికి రాని యువకుల గురించి మనం ఎన్నో కారణాలు చెప్పుకుంటాం. ఈ కారణాన్ని కూడా ఆ జాబితాలో చేర్చుకోవాలి.

దీనికి మందు ఉంది. పడుకోబెట్టేటప్పుడు ఆ తల్లి బిడ్డ తల నిమిరి, "నాన్నా, అమ్మ కోపంలో కొట్టింది, తప్పు చేసింది. నన్ను క్షమిస్తావా?" అని అడగవచ్చు. పెద్దవాళ్లు చిన్నవాళ్లను క్షమాపణ అడగడమేమిటి, అలుసైపోమా అని మన ఇళ్లలో ఒక సంకోచం ఉంది. నిజానికి పాపసంకీర్తనం అంటే ఏమిటో సత్యోపదేశం తరగతిలో వినడానికి ఎన్నో ఏళ్ల ముందే ఆ రాత్రి వాడికి తెలుస్తుంది. తప్పును ఒప్పుకోవచ్చు, క్షమాపణ దొరుకుతుంది, ఆ తరువాత ప్రేమ తగ్గిపోదు అని మూడు సంగతులు ఒక్కసారే నేర్చుకుంటాడు.

"అర్థం కాని వయస్సులో పిల్లలచేత జపం చెప్పించడం న్యాయమేనా? పెద్దయ్యాక వాళ్లే ఎంచుకుంటారు కదా" అని చదువుకున్న తల్లిదండ్రులు కొందరు అడుగుతున్నారు. వారి ప్రశ్నలో స్వేచ్ఛపట్ల గౌరవం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. అయితే పిల్లవాడికి అర్థమయ్యేదాకా ఆగి మనం దేనినీ నేర్పడం లేదు. భాషను అలా నేర్పలేదు. వ్యాకరణం తెలిశాక మాట్లాడమని ఎవరూ అనరు. అబద్ధమాడకూడదని, తన దగ్గర ఉన్నది తమ్ముడితో పంచుకోవాలని కూడా కారణాలు తెలియకముందే నేర్పుతాం. సద్గుణం అలవాటు వల్ల వస్తుందని, ఇల్లు కట్టి కట్టే మనిషి మేస్త్రీ అవుతాడని అరిస్టాటిల్ ఏనాడో చెప్పాడు. ఏ అలవాటూ లేని ఇంట్లో పెరిగిన బిడ్డకు ఎంచుకునే స్వేచ్ఛ ఎక్కువ ఉంటుందనుకోవడం పొరపాటు. వాడు ఎన్నడూ వినని దానిని ఎలా ఎంచుకుంటాడు? అయితే అలవాటు ప్రేమతో చేయించాలి. మూడేళ్లవాడికి యాభై మూడు మంగళవార్త జపాలు అలవాటు కావు, శిక్ష అవుతాయి. వాడికి ఒక్క మంగళవార్త, ఒక దీపం, అమ్మానాన్నల ఒడి చాలు. "దేవుడు నిద్రపోతాడా?" అని వాడు మధ్యలో అడిగితే జపం ఆపి జవాబు చెప్పండి. ఆ ప్రశ్నే వాడి ప్రార్థన.

ఇంతవరకు చెప్పినదానిలో ఒక ప్రమాదం పొంచి ఉంది. "అమ్మ పని పవిత్రమైనది" అని చెప్పగానే ఇంట్లో మిగిలినవారంతా హాయిగా వెనక్కు వాలిపోతారు. "నీకు ఆ పుణ్యం రానీ" అని భర్త ఫోను పట్టుకుని అరుగుమీదకు వెళతాడు. "మా కాలంలో మేము ఐదుగురిని పెంచలేదా" అని అత్తగారు అంటుంది. సేవ అంత పవిత్రమైనదైతే ఆ పుణ్యమంతా ఒక్కరికే వదిలేయడం ఎందుకు? తాను మోయకుండా ఇతరులచేత మోయించడానికి వాడుకునే పవిత్రత మాట వేషధారణే అవుతుంది. మనిషిని కేవలం ఉపయోగపడే సాధనంగా చూడకూడదని, ప్రేమే మనిషికి తగిన స్పందన అని కరోల్ వోయ్తీవా గారు 1960లో వెలువడిన 'ప్రేమ, బాధ్యత' అనే గ్రంథంలో వాదించారు. ఆయనే తరువాత రెండవ జాన్ పాల్ పోపుగారు అయ్యారు. 1988లో స్త్రీల ఔన్నత్యాన్ని గురించి రాసిన లేఖలో, తల్లిదండ్రులు కావడంలో భారం నేరుగా స్త్రీ శరీరంమీదనే పడుతుంది గనుక పురుషుడు ఆమెకు ప్రత్యేకంగా రుణపడి ఉన్నాడని స్పష్టంగా రాశారు. భార్యాభర్తల విధేయత ఒకవైపే ఉండేది కాదని, క్రీస్తునందు పరస్పరం ఉండవలసినదని, ఎఫెసీ 5:21ను ఆధారం చేసుకుని వివరించారు. రుణం అంటే దయ కాదు, తీర్చవలసిన బాకీ. జపమాల మధ్యలో బిడ్డ ఏడిస్తే ఎవరు లేవాలి అనేది ఆ బాకీకి సంబంధించిన ప్రశ్న.

మన ప్రాంతంలో ఎంతో భక్తితో తలచుకునే చిన్న తెరేజమ్మగారి ఇంటిని చూడండి. ఆమె తల్లిదండ్రులు లూయీ, జేలీ మార్టిన్ దంపతులు 1858లో ఫ్రాన్సు దేశంలోని అలాన్సోన్ పట్టణంలో పెళ్లి చేసుకున్నారు. తొమ్మిది మంది బిడ్డలు పుట్టారు. నలుగురు చిన్నతనంలోనే కన్నుమూశారు. జేలీ ఇంట్లోనే లేసు అల్లించే వ్యాపారం నడిపేది. ఆమె రాసిన ఉత్తరాలు 200కు పైగా నేటికీ ఉన్నాయి. వాటిలో మనకు ఎక్కువగా కనిపించేవి పిల్లల జబ్బులు, వాళ్ల అల్లరి, లేసు గిరాకీలు, ఆమె అలసట. వాటి మధ్యలోనే దేవునిపై నమ్మకం. లూయీ గడియారాల పని చేసేవాడు. 1870లో తన దుకాణాన్ని మేనల్లుడికి అప్పగించి, భార్య వ్యాపారంలో తోడుగా నిలబడ్డాడు. 1877లో రొమ్ము క్యాన్సరుతో జేలీ చనిపోయేనాటికి తెరేజమ్మకు ఇంకా ఐదేళ్లు నిండలేదు. ఆ తండ్రే ఐదుగురు ఆడపిల్లలను పెంచాడు. 2015 అక్టోబరు 18న ఫ్రాన్సిస్ పోపుగారు ఈ ఆలుమగలిద్దరినీ ఒకేసారి పునీతులుగా ప్రకటించారు. భార్యాభర్తలను అలా కలిపి పునీతుల పట్టికలో చేర్చడం అదే మొదటిసారి. శ్రీసభ అక్కడ ఒక్క తల్లిని మాత్రమే పైకెత్తలేదు, ఒక సంసారాన్ని పైకెత్తింది.

ఇక్కడ మరికొందరు తల్లులను కూడా తలచుకోవాలి. మిరపకాయల కోతకు తెల్లవారకముందే ఆటో ఎక్కే తల్లి చంటిబిడ్డను ముసలమ్మ దగ్గర వదిలి వెళుతుంది. కువైటులో పరాయి ఇంట పరాయి బిడ్డకు స్నానం చేయించే తల్లి, తన బిడ్డను రాత్రిపూట ఫోనులో చూసుకుని దీవిస్తుంది. వారి దినచర్యలో జపానికే కాదు, సొంత బిడ్డను ఎత్తుకోవడానికీ వ్యవధి లేదు. వారి నడక మరింత దూరం, అయినా గమ్యం అదే. అటువంటి ఇళ్లలో బిడ్డలకు జపం నేర్పే నాయనమ్మలు, అమ్మమ్మలు, మేనత్తలు విశ్వాసాన్ని నిలబెడుతున్నారు. 1964లో రెండవ వాటికన్ మహాసభ కుటుంబాన్ని గృహ శ్రీసభ అని పిలిచి, తల్లిదండ్రులే తమ మాటవల్ల, మాదిరివల్ల బిడ్డలకు మొదటి విశ్వాస ప్రబోధకులు కావాలన్నది. గృహ శ్రీసభలోనూ, విచారణలో ఉన్నట్లే, అందరూ తలా ఒక చేయి వేయాలి.

చివరగా, నజరేతు ఇంటిని తలచుకోండి. ప్రభువు ఈ లోకంలో గడిపిన కాలంలో ఎక్కువ భాగం ఆ ఇంట్లోనే గడిచింది. ఆ ఏళ్లను గురించి సువార్తలు చెప్పినది బహు కొద్ది. కాని ప్రభువు బోధలు వింటే ఆ ఇల్లు కనిపిస్తుంది. పిండిలో కలిపిన పులిపిడి, దీపస్తంభం మీది దీపం, పాత బట్టకు వేసిన మాసిక, పోయిన నాణెం కోసం ఇల్లు ఊడ్చే స్త్రీ, పిల్లలు పక్కమీద పడుకున్నారు లేవలేనని లోపలినుండి చెప్పే తండ్రి. ఇవి ఇల్లు ఎరిగినవాని మాటలు. మరియమ్మ పిండి కలుపుతుంటే, జోజప్పగారు పని ముగించి వస్తుంటే, పక్కన కూర్చుని చూసిన బాలుడు పరలోక రాజ్యాన్ని వివరించడానికి ఆ వస్తువులనే ఎంచుకున్నాడని అనుకోవడానికి అడ్డేముంది? మీ వంటగదిలో గడప మీద కూర్చుని మిమ్మల్ని చూస్తున్న బిడ్డ కూడా దేవుని గురించి ఏదో నేర్చుకుంటున్నాడు.

కాబట్టి తల్లులారా, లేవగానే ఒక్క వాక్యంతో రోజును దేవునికి అప్పగించండి. ఆ తరువాత భయపడకండి. తండ్రులారా, జపం వేళ ఫోను పక్కన పెట్టండి. పూజలో చంటిబిడ్డను వారం విడిచి వారం మీరు ఎత్తుకోండి. ప్రసంగం ఆమె కూడా వినాలి. పెద్దలారా, పిల్లలతో జపమాలలో ఒక్క రహస్యమే చెప్పి వాళ్లను పడుకోనిచ్చి, మిగిలినది మీరు ముగించండి. ఇక విచారణలోని మనమంతా, పూజలో బిడ్డ ఏడ్చినప్పుడు వెనక్కు తిరిగి చూసే అలవాటు మానుకుందాం. పసిపిల్లలను అదిలించిన శిష్యులను చూసి ప్రభువు కోపగించారని మార్కు 10వ అధ్యాయం చెబుతుంది. ఆయన ఆ బిడ్డలను ఎత్తి కౌగిలించుకుని దీవించారు.

ఈ రాత్రి మీ ఇంట జపం మధ్యలో చంటిది ఏడిస్తే, ఇంట్లో ఎవరో ఒకరు లేచి ఎత్తుకోండి. తల్లి ఒక్క రహస్యమైనా పూర్తిగా చెప్పుకోనివ్వండి.